అవునన్న నోరు

ఏసమ్మ కూడు ముందర పెట్టుకొని పెదాలు కదిలిస్తుందట. శబ్దం బయటికి రాదట. కళ్లు మూసుకుంటుందట. అట్లా కదిలించిన మర్నాడే రాజవ్వ పాడిబర్రె నురగలు కక్కి చచ్చిందట.

ఈ మాట ముత్యమ్మ చెప్పిందని సంగమ్మ చెప్పింది. ముత్యమ్మ దొర గడీలో అంట్లు తోమే మనిషి. ఆమెకు ఎవరు చెప్పారని సంగమ్మ అడగలేదు. సంగమ్మను వాడకట్టులో ఇంకెవరూ అడగలేదు. బావి దగ్గర ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఒలికినట్టు మాట ఒలికింది. పొద్దు గూకకముందే ఊరంతా తాగింది.

ఏసమ్మ చేసుకునేది ప్రార్థన. ఆమె అత్త కాలంలోనే మెదక్ చర్చి గుడికి పోయి కిరస్తానీ మతంలో కలిసిన మాదిగ ఇల్లు అది. అన్నం ముందు ఆమె కళ్లు మూసుకోవడం ఊరు ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది. నాట్ల కాడ, కోతల కాడ పక్కన కూర్చొని సద్ది విప్పినవాళ్లే అందరూ. జల్దీ కానీయక్కా, నీ దేవుడు మా వంతు గూడ తింటడా ఏంది అని నవ్వినవాళ్లే. ఒక్క మాట చెవిన పడేసరికి ఆ కళ్లే ఆ పెదాలను కొత్తగా చూడటం మొదలుపెట్టాయి.

మిల్లుల్లో మగ్గే అన్నలారా, హాస్టళ్లలో చదివే తమ్ముళ్లారా, దొరలు కర్రలతోనే గెలుస్తారని మీరు అనుకుంటే ఈ ఊరి కథ వినండి.

బొంతపల్లి నుంచి బండి బాట పట్టుకొని పోతే చెరువు వెనక వచ్చే ఊరు ఇది. చెరువు కింది మాగాణి దొరది. చేసేది మాత్రం కౌలుదార్లు, తాతల నాటి నుంచి. మొదటిసారి ఓట్లు పడ్డ ఏడు పట్నం నుంచి ఒక సేటు వచ్చి, మిల్లు కడతానని ఆ భూమి చూసిపోయాడు. దున్నేవాణ్ని ఊరికే వెళ్లగొట్టరాదని కొత్త చట్టం వచ్చింది. అందుకని దొర వాళ్లే విడిచిపోవాలని కోరుకున్నాడు. ఆ వేసవిలో జీతగాళ్లకు కర్రలు, నాగళ్లు ఇచ్చి మళ్లలోకి పంపాడు. ఏసమ్మ నాగలి ముందు చాల్లో పడుకుంది. ఆమెను చూసి రాజవ్వ పడుకుంది, రాజవ్వను చూసి సంగమ్మ, తర్వాత వాడకట్టు ఆడవాళ్లంతా. నాట్లలో ఒకరు పాట ఎత్తుకుంటే వరసంతా అందుకుంటుంది చూడండి, అట్లా. నాగళ్లు తిరిగిపోయాయి.

కర్రలు పంపితే ఊరు ఒక్కటైంది. అది చూశాక దొర రెండోసారి కర్రలు పంపలేదు. భయాన్ని పంపాడు.

బర్రె పోయిన దిగులుకు రాజవ్వ అన్నం మానింది. కొడుక్కు జ్వరం. బాణామతి అట అన్నారు ఎవరో. మా మెదక్ జిల్లాలో ఆ మాటకు పాముకన్నా ఎక్కువ విషం. ఎవరో ఒక మూల మంత్రం వేస్తారంటారు, ఇంకో మూల ఎవరో గింజుకుంటారంటారు. మాట విన్న రెండు రోజులకు రాజవ్వ ఇంటి ముందు పడి నిజంగానే గింజుకుంది. చూడబోయిన నర్సింహమ్మ కాళ్లు వంకర పోయాయి. ఆమెను లేపబోయిన కోడలు పడింది. అదే పాట, అదే వరస. ఎత్తుకున్నది మాత్రం వేరే గొంతు.

గడపలకు నిమ్మకాయలు వేలాడాయి. తల్లులు పిల్లల్ని ఏసమ్మ నీడ తగలకుండా లాక్కున్నారు. పొయ్యిలోకి నిప్పు అడిగితే ఎవరూ ఇవ్వలేదు. ఆమె బావికి పోతే బావి ఖాళీ అయ్యేది. ఏసమ్మ అన్నం గోడ వైపు తిరిగి తినసాగింది. ప్రార్థనలో పెదాలు కదలకుండా పళ్ల మధ్య బిగబట్టేది. ఒకనాడు మొగుడు దేవదానాన్ని మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, నా నోట్ల నిజంగనే ఏమన్న ఉన్నదా?"

దేవదానం ఆమె ముఖం చూసి జడుసుకున్నాడు. లేదు అనడానికి అతనికి కూడా ఒక క్షణం పట్టింది. ఆ క్షణం ఇద్దరికీ తెలిసింది.

మంత్రగాడు జహీరాబాద్ అవతలి నుంచి దొర కచ్చడం బండిలో దిగాడు. ఊరి కోసం దొర తన ఖర్చుతో పిలిపించాడని ముత్యమ్మ చెప్పింది. మర్నాడు పొద్దున్నే చావిడి ముందు ఊరంతా కూడింది. వానాకాలం మబ్బు పట్టి ఉంది. మిరపకాయల పొగ పెట్టారు. రాజవ్వను తెచ్చి ఆ పొగలో కూర్చోబెట్టారు. మంత్రగాడు వేపమండతో ఆమె భుజాల మీద మెల్లగా తట్టుతూ అడిగాడు. గొంతు పెంచలేదు. పసిపిల్లను నిద్రపుచ్చే గొంతు.

"మొగోడా, ఆడిదా? ఆడిదేనా?"

రాజవ్వ మూలిగింది.

"ఆడిదంటున్నది. ఏ దిక్కు? దక్షిణం దిక్కా? తుమ్మచెట్టున్న ఇల్లా?"

రాజవ్వ తల ఊగింది. పొగకు ఊగిందో, మాటకు ఊగిందో ఎవరికి తెలుసు.

"తుమ్మచెట్టే. దాని పెదాలు కదుల్తున్నయా బిడ్డా? సూడు. కదుల్తున్నయా?"

"అవును," అంది రాజవ్వ.

ఊళ్లో దక్షిణాన, తుమ్మచెట్టు కింద ఉన్న ఇల్లు ఒక్కటే. పేరు చెప్పే పని మంత్రగాడు పెట్టుకోలేదు. పేరు గుంపు చెప్పింది.

ఏసమ్మను ఈడ్చుకొచ్చారు. ఈడ్చినవాళ్లు గడీ మనుషులు కాదు, వేసవిలో ఆమె వెనక చాల్లో పడుకున్నవాళ్లే. అడ్డుపడిన దేవదానాన్ని చావిడి గుంజకు కట్టేశారు. పళ్లు లేని నోట మంత్రం పలకదని మా దిక్కు ఒక నమ్మకం ఉంది. బాణామతి వేసిందన్న మనిషికి ముందరి పళ్లు పీకేస్తారు. కమ్మరి రాములు కొలిమిలోంచి పట్టకారు తెచ్చాడు. ఫజలుద్దీన్ ఒక్కడు ముందుకొచ్చి ఇది తప్పు, ఆగండి అన్నాడు. ఆయన కౌలుదార్ల సంఘం మనిషి, చెరువు కింద ఆయనకూ కౌలు మడి ఉంది. దొర గుమాస్తా దగ్గరికి వచ్చి ఆయన చెవిలో మెల్లగా అన్నాడు: "ఫజలుద్దీన్, పోలీస్ యాక్షన్ల మీవోళ్లను నరుకుతుంటె నువ్వు బతికి బయటపడ్డది ఎవరి దయనో యాదున్నదా?" ఫజలుద్దీన్ వెనక్కి తగ్గాడు. అరుగు మీద కూలబడ్డాడు.

ఏసమ్మ అరవలేదు. రాములు పట్టకారు పెడుతుంటే అతని ముఖంలోకి చూస్తూ ఉంది. మొదటి పన్ను తొందరగా రాలేదు. రెండోది వచ్చింది.

రెండు పళ్లు రాలితే రాజవ్వ లేచి కూర్చుంటుందని మంత్రగాడు అంతకు ముందే చెప్పాడు. లేచి కూర్చుంటుందన్నాడు కనుక రాజవ్వ లేచి కూర్చుంది. ఊరు నిట్టూర్చింది. అక్కడితో తీరిపోతుందనుకున్నారు. కాని నెత్తురు చూసిన సంగమ్మ కెవ్వుమని విరుచుకుపడింది.

మంత్రగాడు తల ఊపాడు. ఇంకో మనిషి ఉన్నదన్నాడు. జోడు లేకుండా బాణామతి నడవదన్నాడు. సంగమ్మను పొగలోకి లాగి వేపమండ ఎత్తాడు. అదే గొంతు.

"మొగోడా, ఆడిదా? ఆడిదేనా? ఏ దిక్కు? ఉత్తరం దిక్కా? మొన్న బర్రె సచ్చిన ఇల్లా?"

రాజవ్వ అప్పుడే ముఖం కడుక్కుంటోంది. నీళ్ల ముంత చేతిలో ఆగిపోయింది. ఆ మాటలు ఆమె ఎరిగినవే. అదే తూగు, ప్రతి మాట చివర అదే తట్టు. ఆ తట్టుకు తన తల ఎట్లా ఊగిందో మెడకు గుర్తొచ్చింది. అవును అన్న మాట తన నోట్లోంచి ఎట్లా జారిందో నాలుకకు గుర్తొచ్చింది.

బర్రె చచ్చిన ఇల్లు తనది. తన మడి ఏసమ్మ మడికి ఆనుకొనే ఉంది, చెరువు కింద.

"సొంత బర్రెనే తిన్నదా బిడ్డా? జోడుకు బలి ఇచ్చిందా? సూడు. అవునా?"

సంగమ్మ తల ఊగబోయింది. రాజవ్వ పోయి పొగలో ఆమె పక్కన కూలబడి, ఆమె నోటి మీద అరచేయి అదిమి పెట్టింది.

"అనకే సంగా. ఆ మాట ఒక్కటి అనకు."

రాజవ్వకు ఇంకా దయ్యం దిగలేదు, పక్కకు లాగండి అన్నాడు మంత్రగాడు. ఇద్దరు లాగారు. రాజవ్వ చేయి తీయలేదు. గుంపు వైపు తిరిగింది. ఆమె మాట్లాడిన గొంతు చాలా చిన్నది, అందుకే గుంపు మూగబోయి వినాల్సి వచ్చింది.

"నాకు ఎవరు కనవడలే. ఏసమ్మక్క పెదాలు కనవడలే. ఏం కనవడలే. ఈయన అడిగిండు, నేను అవునన్న. గంతే."

తర్వాత ఎవరూ అరవలేదు, ఎవరి మీదా చేయి చేసుకోలేదు. రాములు పట్టకారు కింద పడేశాడు. అది బండ మీద పడి మోగిన మోతకు పిల్లలు ఏడ్చారు. గుంపు మంత్రగాణ్ని చూస్తూ నిలబడింది. అప్పటిదాకా ఏసమ్మను చూసిన చూపే అది. అతను ఆ చూపును ఎరిగినవాడు, వేపమండ సంచిలో వేసుకున్నాడు. పోయేటప్పుడు కచ్చడం కోసం కూడా ఆగలేదు.

కాని భయం అతని వెంట పోలేదు. సంగమ్మ రెండు రోజులు జ్వరంతో పడుకుంది. రాములు కొలిమి రాజేయలేదు. ఏసమ్మ ఇంటి ముందునుంచి పోవడానికి ఊరు వెరచింది. ఇప్పుడు మంత్రానికి కాదు, ఆమె ముఖం చూడటానికి.

గడీ నుంచి కబురు వచ్చింది. రేపు పోలీసు అమీన్ సాబ్ జవాన్లతో వస్తాడు, నాగళ్లు దిగుతాయి, నారుమళ్లు దున్నేస్తారు. ఆ సాయంత్రం ఫజలుద్దీన్ వాకిట్లో సంఘం కూడింది. ముందుగా మాట్లాడింది ఫజలుద్దీనే. చావిడి కాడ కూలబడ్డోణ్ని, నాకు పెద్దరికం లేదు, అయినా చెప్తున్న, సంగారెడ్డి పోయి దర్ఖాస్తు ఇద్దాం అన్నాడు. దర్ఖాస్తు కాగితం చేరేలోపు నారు కుళ్లుతుందని ఒకరన్నారు. అమీన్ తుపాకులతో వస్తే ఏం చేస్తామని ఇంకొకరు. ఒక ముసలాయన మడి విడిచిపెట్టి పటాన్‌చెరు దిక్కు కూలికి పోవడమే మేలన్నాడు. ఆ మాటకు నలుగురు తల ఊపారు. తల ఊపినవాళ్లను చూసి మరో నలుగురు ఊపారు. అట్లా ఆ వాకిలి సగం ఖాళీ అయ్యేదే. అప్పుడు దేవదానం వెనక ఏసమ్మ వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గోడవారగా కూర్చుంది.

అందరికీ ప్రాణం లేచి వచ్చింది. నువ్వు ముందట నడువక్కా అన్నారు. నువ్వు చెప్తే చాలు, ఊరంతా లేస్తది అన్నారు.

ఏసమ్మ కొంగు తీసింది. వాచిన నోట మాట తేలిక కాలేదు. గాలి దూరే చోట అక్షరాలు జారాయి.

"ఎండకాలం నా మాట మీద పండుకున్నరు. వానకాలం వాని మాట మీద నా పండ్లు వీకిండ్రు. రేపు ఎవని మాట మీద నిలవడ్తరు?"

రాములు తలకాయ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నేను ఎవ్వరికి చెప్ప. నా మడి కాడికి నేను పోత," అని లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఎవరూ ఎవరింటికీ పోలేదు. ఎవరి భయంతో వాళ్లు మేల్కొని ఉన్నారు.

పొద్దున ఏసమ్మ, దేవదానం గట్టు మీదికి చేరేసరికి అక్కడ ఫజలుద్దీన్ ఒక్కడే ఉన్నాడు. కాసేపటికి రాములు వచ్చాడు, అతనికి చెరువు కింద సెంటు భూమి లేదు. ఒళ్లు వేడి తగ్గని సంగమ్మ వచ్చింది. గుంపుగా ఎవరూ రాలేదు. ఒక్కొక్కరు, దూరం దూరంగా, వెనక్కి చూసుకుంటూ వచ్చారు. ముసలాయన కూడా వచ్చాడు. కొందరు రానే లేదు. రాజవ్వ నారుకట్ట నెత్తిన పెట్టుకొని వచ్చి, ఏసమ్మకు రెండు మళ్ల అవతల నిలబడింది. ఏసమ్మ ఆమె వైపు చూడలేదు. ఏసమ్మ కళ్లు మూసుకుంది, పెదాలు కదిలాయి. అది చూసి ఒకరిద్దరు ఇంకా ఉలిక్కిపడ్డారు. కాని కాళ్లు వెనక్కి వేయలేదు.

మడిలోకి దిగి నాట్లు మొదలుపెట్టారు. పాట ఎత్తుకోవడానికి ఎవరికీ గొంతు రాలేదు.

అమీన్ జీపు చెరువు కట్ట కింద ఆగింది. జవాన్లు దిగారు, వెనక దొర గుమాస్తా, నాగళ్లు. అమీన్ గట్టు మీద నిలబడి కాసేపు చూశాడు. కొట్టమని చెప్పలేదు, ముందు వీళ్లను నడిపించే మనిషి పేరు కావాలి. ముందరి వరసలో రాజవ్వ కనిపించింది, చేతిలో నారు వణుకుతోంది. వణికే మనిషిని ఎంచుకోవడం అతనికి తెలిసిన పని. లాఠీతో ఆమె భుజం మీద మెల్లగా తట్టాడు.

"నీకు దీనికి ఏం సంబంధం లేదు, నాకు ఎరుకనే. నిన్ను ఎవరో పంపిండ్రు. మొగోడా, ఆడిదా? ఆ తురకోడు ఫజలుద్దీన్ చెప్పిండా? ఆడమనిషి చెప్పిందా? పండ్లు లేనిదా? అవునా?"

మడి మొత్తం ఆగిపోయింది. వంగిన నడుములు లేచాయి. గుమాస్తా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఏసమ్మ మొదటిసారి రాజవ్వ వైపు చూసింది.

రాజవ్వ లాఠీని చూసింది. నారు ఇంకా వణుకుతూనే ఉంది. వంగి, రెండు పరకలు బురదలో నాటి, లేచింది.

"గిట్లనే అడిగిన ఒకనికి అవునన్న సారు. ఆమె నోరు పోయింది. ఇగ అనను. కొడితె కొట్టు."