రెండుసార్లు కొత్తదైన లెన్సు

నేను ఒక లెన్సును. కళ్ళజోడులో ఉండే రకం కాదు. కెమెరాకి ముందు బిగించే, జానెడుకి మించిన పొడవూ తెల్లటి ఒళ్ళూ మంచి బరువూ ఉన్న లెన్సును. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫరు భోజనానికి లేచినప్పుడు లైట్లూ స్టాండ్లూ ఎక్కడివక్కడ వదిలేసినా, నన్ను మాత్రం చంకలో పెట్టుకుని పంక్తిలో కూర్చుంటాడు. అంతటిదాన్ని. ఈ మాట ముందే చెప్పుకోవడం ఎందుకంటే, ఇప్పుడు నన్ను చూస్తే మీకు ఆ గౌరవం కలగదు. విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీది గదిలో, చెక్క అరలో, మెడకి చీటీ కట్టించుకుని కూర్చున్నాను.

పుట్టింది జపాన్‌లో. నా లోపల ఇరవై పైచిలుకు అద్దాలున్నాయి. తెల్ల చేతితొడుగులు వేసుకున్న మనుషులు వాటిని మాటా పలుకూ లేకుండా పేర్చారు. ఏ అద్దమైనా వెంట్రుకవాసి పక్కకి జరిగితే తీసేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. చివరికి ఒకావిడ నాలోంచి గోడ మీది గీతల పటాన్ని నాలుగు మూలలా చూసి, తలూపి, చీటీ అంటించింది. ఆవిడ నన్ను పొగడలేదు. ఉచితంగా సంచీ ఇస్తానని ఎవరితోనూ అనలేదు. పరీక్షించింది, అంతే. కొనేవాళ్ళు కూడా ఇలాగే చూసి కొంటారు కాబోలని అప్పట్లో అనుకున్నాను. విజయవాడ వచ్చాక తెలిసింది, కొనేవాళ్ళ పని నా పెట్టె మీద చెయ్యి వేసి, మేనేజరు పక్కన నిలబడి ఫోటో దిగడమని.

నేను దిగిన షాపు పేరు ‘ఇంద్రధనుస్సు కెమెరా ప్రపంచం’. అద్దాల తలుపులు, చల్లగాలి, వాకిట్లో బెలూన్లు. ‘నమ్మకం’ అనే మాట ఆ షాపు బోర్డు మీద ఒకసారి, బిల్లు మీద రెండుసార్లు, సంచీల మీద నాలుగుసార్లు ఉంటుంది. బయట అంత ఖర్చయ్యాక లోపల మిగలకపోవడంలో ఆశ్చర్యం లేదు. మేనేజరు ఫణీంద్ర. లెన్సు గురించి ఎవరేం అడిగినా పెట్టె మీద రాసి ఉన్నది పైకి చదివేవాడు. పెట్టె మీద లేనిది అడిగితే కాఫీ తెప్పించేవాడు.

నా మొదటి యజమాని డాక్టర్ గోవర్ధనం, చర్మవ్యాధుల నిపుణుడు. పక్షుల ఫోటోలు తీయడం మనసుకి మంచిదని ఎవరో చెబితే నన్ను కొన్నాడు. ఇంటికి తీసుకెళ్ళగానే ఆయన భార్య నన్ను దేవుడి దగ్గర పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది. ఆవిడ పెట్టడంలో లోభం లేదు. ముందొకటి, వెనకొకటి, నన్ను స్టాండుకి బిగించే పట్టీ మీద ఒకటి. ఆ పట్టీకి ఒక మర ఉంటుంది. దాని సందులోకి చిటికెడు కుంకుమ దిగింది. వెంట్రుకవాసి తేడా పనికిరాదన్న చోట పుట్టినదాన్ని కదా, దుమ్ము పడుతుందని నాకు కంపరమెత్తింది. ఆ చిటికెడే ఒకరోజు నా తరఫున సాక్ష్యం చెబుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఆ ఆదివారం కొల్లేరు వెళ్ళాం. పడవలో డాక్టరుగారు నన్ను మోకాలి మీద పెట్టుకుని గూడబాతుల్ని చూస్తుండగా ఫోను మోగింది. ఆయన లేచి నిలబడ్డాడు. నేను లేవలేదు, పడవ అంచు మీద పడ్డాను. పడవవాడు అయ్యో అన్నాడు. డాక్టరుగారు నన్ను తీసి, చేతిరుమాలుతో తుడిచి, “ఏం కాలేదులే” అన్నాడు. నాడి పట్టకుండానే నిర్ధారణ అయిపోయింది. నా లోపల మాత్రం ఒక అద్దం వెంట్రుకవాసి పక్కకి జరిగింది. అప్పట్నించీ నా చూపులో ఎడమ పక్క మసక. ఆయన తీసిన ప్రతి ఫోటోలోనూ కుడివైపు గూడబాతు ఈకతో సహా కనిపించేది, ఎడమవైపుది దూదికుప్పలా ఉండేది.

తొమ్మిదో రోజున డాక్టరుగారు నన్ను షాపుకి తెచ్చి, “బరువుగా ఉందండీ, నా చేతికి కుదరట్లేదు” అన్నాడు. అని, పైన డబ్బు కట్టి, బదులుగా నాకు రెండింతల బరువున్న ఇంకా పెద్ద లెన్సు తీసుకున్నాడు. కింద పడిందని ఆయన చెప్పలేదు. పడిందా అని ఫణీంద్ర అడగలేదు. ఇద్దరూ మర్యాదస్తులు. ఆయన కారెక్కగానే నన్ను స్పిరిట్‌తో తుడిచి, పెట్టెలో పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, జుట్టు ఆరబెట్టే మిషనుతో వేడిగాలి కొట్టారు. కాగితం బిగుసుకుంది. అరగంటలో నేను మళ్ళీ కొత్తదాన్నయ్యాను.

నన్ను రెండోసారి కొత్తగా కొన్నది హైమవతి. తొమ్మిదేళ్ళు ఒక స్టూడియోలో పనిచేసింది. పెళ్ళిళ్ళలో ఫోటోలు ఆమె తీసేది, ఆల్బం చివరి పేజీలో పేరు స్టూడియో యజమానిది ఉండేది. మొదటిసారి తెనాలివాళ్ళెవరో ఆమెనే పిలిచి, తమ అమ్మాయి పెళ్ళి ఒప్పజెప్పారు. ఆ ఆల్బంలో ఆమె పేరు ఉంటుంది. ఆమె మానేసి వచ్చేస్తుంటే యజమాని, “తలుపు తీసే ఉంచుతాలే హైమా, ఫోటోలు చెడిపోతే వద్దువుగాని” అని దీవించాడట. పెళ్ళికి పన్నెండు రోజులుంది. ఆమెకి నాలాంటి లెన్సు కావాలి.

ముందు ఆమె వెళ్ళింది ఇప్పుడు నేనున్న ఈ మేడమీది గదికే. ఇది షేక్ మస్తాన్‌వలి గారిది. బెలూన్లు లేవు, ఏసీ లేదు, మెట్లు ఎక్కేసరికి ఆయాసం ఉచితం. మస్తాన్ గారు నలభై ఏళ్ళుగా కెమెరాలు బాగుచేస్తూ, అడిగినవాళ్ళకి తెప్పించి అమ్ముతున్నాడు. అమ్మకం ఆయనకి బొత్తిగా చేతకాదు. వచ్చినవాళ్ళతో, “ఇంత పెద్దది మీకెందుకండీ, ఉన్నదాంతోనే తీయొచ్చు” అంటాడు. ఆ రోజు హైమతో ఏమన్నాడో తర్వాత ఆమె నోటనే విన్నాను.

“సరుకు లేదమ్మా. తెప్పించాలంటే పదిహేను రోజులు. వచ్చాక పెట్టె నువ్వే విప్పాలి, ఇక్కడే, నా ముందరే. గోడకి పేపరు అంటిస్తా, నాలుగు ఫోటోలు తీసి చూసుకున్నాకే పట్టుకెళ్ళాలి.”

“పెళ్ళి పన్నెండు రోజుల్లో ఉంది బాబాయ్.”

“అయితే నా దగ్గర కొనకు. కానీ ఎక్కడ కొన్నా అక్కడే విప్పు.”

ఆమె అక్కడినించి తిన్నగా ‘ఇంద్రధనుస్సు’కి వచ్చింది. ఫణీంద్ర రెండు చేతులా నన్ను మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. “లాస్ట్ పీస్ మేడమ్. సాయంత్రానికి ఉండదు” అన్నాడు. ఆ మాటతో పాటు ఒక సంచీ, ఒక స్టాండు, ఒక గొడుగు కూడా ఇచ్చాడు. హైమ మస్తాన్ గారి మాట గుర్తుంచుకుంది. “ఇక్కడే విప్పి చూస్తానండీ” అంది.

ఫణీంద్ర గొంతు తగ్గించాడు. “మీ ఇష్టం మేడమ్. కానీ ఇవాళ అమావాస్య. ఇంత ఖరీదైన వస్తువు, మొదటి సొంత ఆర్డరు అంటున్నారు. మా ఇంట్లో పిల్లయితే నేను విప్పనివ్వను. ఇంటికి తీసుకెళ్ళి, మంచిరోజు చూసి, దేవుడి దగ్గర పెట్టి విప్పుకోండి.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ షాపులో అమావాస్య రోజునే కాదు, అష్టమికీ నవమికీ మంగళవారానికీ కూడా ఇదే సలహా ఇస్తారు. పున్నమి వస్తే వర్జ్యం వెతుకుతారు. బిల్లు వెనక మాత్రం సన్నక్షరాల్లో ఇలా ఉంటుంది: సీలు విప్పిన వస్తువు వాపసు తీసుకోబడదు. లోపం తెలియాలంటే విప్పాలి, విప్పితే లోపం వాళ్ళది కాదు. దేవుణ్ణి వారంటీలో కలిపి అమ్మిన షాపు ఇంకొకటి నేను చూడలేదు.

హైమ తల్లి సుభద్రమ్మ పంచాంగం తీసింది. అమావాస్య నాడు వస్తువు ఇంటికి తెచ్చినందుకు కూతుర్ని నాలుగు మాటలని, దశమి ఉదయం బాగుందని తేల్చింది. అంటే పెళ్ళికి రెండు రోజుల ముందు. ఆ పది రోజుల్లో హైమ మూడుసార్లు కత్తెర పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మూడుసార్లూ తల్లి వంటింట్లోంచి దగ్గింది. సీలుందిగా, భయమేముందని ఆమె తనకి తాను చెప్పుకునేది. పెట్టెలోంచి ఆ మాట వింటుంటే నాకు నిజంగా సిగ్గేసింది.

దశమి వచ్చింది. నన్ను విప్పి పీట మీద పెట్టారు. సుభద్రమ్మ వేలితో కుంకుమ తీసుకుని, బొట్టు ఎక్కడ పెట్టాలా అని నన్ను తిప్పి చూసి ఆగిపోయింది.

“హైమా, దీనికి ముందే బొట్టుందేమిటే?”

“ఏ బొట్టమ్మా?”

“ఇదుగో, ఈ మర సందులో. జపాన్‌వాళ్ళు కూడా పెడతారా?”

హైమ నన్ను వెలుతురులోకి తీసుకెళ్ళింది. సూదితో ఆ సందు గీకింది. కుంకుమ రాలి ఆమె అరచేతిలో పడింది. పీట పక్కనే కూర్చుని, ఆ కుంకుమని కాగితంలో పొట్లం కట్టింది.

గంటలో ఇద్దరం ఫణీంద్ర ఎదుట ఉన్నాం. ఆయన కుంకుమని చూసి భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. “మా షాపులో రోజూ పూజ చేస్తాం మేడమ్. ఎగిరి పడుంటుంది.”

“సీలేసిన పెట్టెలోకా?”

“అమ్మవారి దయ ఎటునించైనా వస్తుంది మేడమ్.”

వాపసు అడిగితే బిల్లు తిప్పి సన్నక్షరాలు చూపించాడు. వెళ్ళేటప్పుడు ఇంకో గొడుగు ఇవ్వబోయాడు.

ఆమె మస్తాన్ గారి మెట్లెక్కింది. నేను చెప్పాను కదమ్మా అని ఆయన అనలేదు. అనకపోవడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. గోడకి ఆ రోజు పేపరు అంటించాడు. చేతికొచ్చిన పేజీ శ్రద్ధాంజలి ప్రకటనలది. ఫోటో తీసి పెద్దది చేసి చూపించాడు. కుడివైపు పోయినవాళ్ళు మీసాలతో సహా స్పష్టంగా ఉన్నారు. ఎడమవైపు వాళ్ళు రెండోసారి పోయారు.

“కింద పడిందమ్మా ఇది. బాగుచేయించాలంటే చెన్నై పంపాలి, ఇరవై రోజులు. అద్దెకి తీసుకుందామంటే మూఢం వెళ్ళాక మొదటి లగ్నాలు, ఊళ్ళో ఒక్క లెన్సు ఖాళీగా లేదు.”

హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇంక తెనాలివాళ్ళకి ఫోన్ చేసి చెప్పేస్తాను బాబాయ్. మళ్ళీ ఆ స్టూడియోకే పోతాను.”

“పోదువుగాని కూర్చో. ఎడమ పక్క మసక. మిగతాది బంగారం. ఎక్కడ కనపడదో నీకు తెలిసింది, ఇంక దాంతో పనిచేయొచ్చు. మనుషుల్ని నడిమికీ కుడికీ తెచ్చుకో. నిలువు ఫోటో అయితే మసక పైకొచ్చేటట్టు కెమెరా తిప్పి పట్టుకో. పందిట్లో పైన పూలేగా, పోతే పూలు పోతాయి.”

ఆ సాయంత్రమూ మర్నాడూ ఆమె ఆ గదిలోనే నాతో సాధన చేసింది. మస్తాన్ గారు పెళ్ళికొడుకుగా, ఒక పాత స్టాండు పెళ్ళికూతురుగా నిలబడ్డారు. నేను పుట్టాక నా గురించి ఇంత శ్రద్ధగా తెలుసుకున్నవాళ్ళు, ఆ చేతితొడుగుల ఆవిడ తర్వాత, వీళ్ళిద్దరే.

పెళ్ళి పగటి లగ్నం. పెళ్ళికొడుకు పెదనాన్న ఒకాయన మొదట్నించీ, “ఆడపిల్ల తీస్తే ఫోటోలు వస్తయ్యా” అంటూ ఆమె ఎడమ పక్కనే తిరుగుతున్నాడు. జీలకర్ర బెల్లం వేళయింది. మంత్రాలు జోరందుకున్నాయి. తెర దింపే క్షణం ఒక్కటే ఉంటుంది, రెండోసారి దింపమంటే ఎవరూ దింపరు. జనం హైమని కుడివైపుకి తోస్తున్నారు. అక్కడినించి తీస్తే పెళ్ళికూతురు సరిగ్గా నా గుడ్డి పక్కన పడుతుంది. హైమ మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీల మధ్యనించి జరుగుతూ, కెమెరాని నిలువుగా తిప్పింది. తెర దిగింది. ఆ అమ్మాయి కళ్ళెత్తి చూసింది. నాకు చేతనైనంతా చూశాను. ఆ కళ్ళలో తడి, కనుబొమల మధ్య చెదిరిన బాసికం దారం, అన్నీ పట్టుకున్నాను. పైన చామంతి దండలు మాత్రం పసుపు పొగమంచులా కరిగిపోయాయి.

ఆ ఫోటోనే ఆల్బం మొదటి పేజీ అయింది. పందిరిని అంత అందంగా ఎలా మసక చేశావని అందరూ అడిగారు. చివరి పేజీలో ‘ఫోటోలు: హైమవతి’ అని పడింది. పెదనాన్న ఆల్బమంతా తిరగేసి, “నేనెక్కడా సరిగ్గా పళ్ళేదే” అన్నాడు. “మీరు కదిలారండీ” అంది హైమ. నా గురించి ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే, దాన్ని నేను క్షమించాను.

ఆ సీజను గడిచాక ఆమె మస్తాన్ గారి ద్వారా కొత్త లెన్సు తెప్పించుకుంది. ఈసారి కావాలనే అమావాస్య నాడొచ్చి, ఇదే బల్ల మీద విప్పి, పరీక్షించి, ఆ తర్వాతే బొట్టు పెట్టింది. నన్నేం చేయాలన్న ప్రశ్న వచ్చింది. ప్లాస్టిక్ కాగితమూ వేడిగాలీ ఊళ్ళో అందరికీ దొరుకుతాయి, మూడోసారి కొత్తదాన్నవడం పెద్ద కష్టం కాదు. ఆమె చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాసి నా మెడకి కట్టింది: ‘ఈ లెన్సు కింద పడింది. ఎడమ పక్క మసక. అమ్మకానికి కాదు. పడిన చోటు:’ ఆ తర్వాత జాగా ఖాళీగా వదిలింది, ఆమెకి తెలియదు కాబట్టి. కొనడానికి ఎవరొచ్చినా మస్తాన్ గారు ముందు నన్ను చేతికిచ్చి, లోపం ఎలా పట్టుకోవాలో నేర్పుతాడు. ఇప్పుడు నేను పంతులమ్మని.

మొన్నొక పెద్దమనిషి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. డాక్టర్ గోవర్ధనం. నాకు బదులుగా తీసుకున్న ఆ పెద్ద లెన్సు కూడా ఎవరో పడేసి వాపసిచ్చినదేనట. “సీలుండగానే మోసం చేశారండీ. మనుషుల్లో నీతి లేదు” అన్నాడు. మస్తాన్ గారు అవునని, అలవాటు ప్రకారం నన్ను చేతికిచ్చాడు. డాక్టరుగారు నాలోంచి పేపరు చూసి, “ఛ, ఇలాంటిది చెప్పకుండా అంటగట్టినవాడు అసలు మనిషేనా” అన్నాడు.

అంటూ నన్ను తిప్పాడు. మర సందులో ఇంకా కాస్త ఎరుపు మిగిలి ఉంది. అంచు మీద పడవ చెక్క తగిలిన సన్నటి గీత ఉంది. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు. “దీన్ని నాకు అమ్ముతారా?” అని అడిగాడు.

“అమ్మేది కాదండీ.”

“పడిన చోటు రాయలేదేం?”

“తెలిసినాయన ఎప్పుడో వస్తాడు, ఆయనే రాస్తాడని వదిలాం.”

మస్తాన్ గారు ఈ మాట ఆయన మొహం వైపు చూడకుండా, మరలు బిగిస్తూ అన్నాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. డాక్టరుగారు జేబులోంచి పెన్ను తీశాడు, లోపల పెట్టాడు, మళ్ళీ తీశాడు. చీటీ ఖాళీలో ఒక్క గీతలో ఏదో రాసి, నన్ను మెల్లగా, రెండు చేతులతో అరలో పెట్టి వెళ్ళిపోయాడు. కొనడానికొచ్చిన లెన్సు సంగతి మర్చిపోయాడు.

మస్తాన్ గారు చీటీ చదవబోయాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశాడు. హైమ వచ్చినప్పుడు ఆమెకిచ్చాడు. ఆమె వెలుతురులో పెట్టి చూసింది, తలకిందులుగా చూసింది. కింద మందుల షాపు అబ్బాయిని పిలిపిస్తే, అది మూడు పూటలా రాసుకునే పూతమందు అన్నాడు.

అది కొల్లేరు. ఆయన నిజమే రాశాడు. చదవగలిగింది నేనొక్కదాన్నే.