వెలుగు పలకల మీద

యూనివర్సిటీలో చేరిన ఏడాదికే తమ్ముడి ప్యాంట్లన్నీ నడుం దగ్గర మొండికేశాయి. క్లాసు అవ్వగానే హాస్టల్ గదికి రావడం, కంప్యూటర్ ముందు చతికిలబడటం, చిప్స్ ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని పాట తాళానికి తగ్గట్టు బాణాల మీటలు టకటకా నొక్కే ఆట ఆడటం, అదే వాడి లోకం. వేళ్లు మెరుపులే. మిగతా ఒళ్లే కుర్చీకి అతుక్కుపోయింది. స్నేహితులు "బస్తా" అని పిలిస్తే నవ్వేసేవాడు గానీ, లోపల చివుక్కుమనేది.

అక్కడే చివరి ఏడాది చదువుతున్న అక్క, వీడియో గేమ్స్ పోటీల జట్టుకి కెప్టెన్. ఆ ఏడు పోటీకి పెట్టింది కూడా తమ్ముడాడే ఆటే. కాకపోతే మీటల బదులు నేల మీద వెలిగే పలకలు, వాటిని కాళ్లతో తొక్కాలి. జంటగా ఆడాలి. తీరా ఫైనల్ రోజున అక్క జంట అమ్మాయికి మెట్ల మీద కాలు మడత పడింది. అక్క ఉరుకులు పరుగుల మీద తమ్ముడి గదికొచ్చింది.

సంగతి వినగానే వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. తను గెంతితే హాలంతా నవ్వుతుందన్నాడు, పాట సగమవకుండానే ఆయాసంతో కూలబడతానన్నాడు, ఇంకెవరినైనా చూసుకోమని బతిమాలాడు.

"ఒరేయ్, ఫైనల్‌కి ఇచ్చిన పాట నీకు నిద్రలో లేపినా వచ్చు. నీ అంత బాగా వచ్చినవాళ్లు ఇంకెవరున్నారో చెప్పు, వాళ్లనే తీసుకెళ్తా" అంది అక్క.

వాడు బూట్ల కోసం మంచం కింద వెతకడం మొదలుపెట్టాడు.

స్టేజీ ఎక్కగానే ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాట మొదలైంది. ఎదురుగా తెర మీద బాణాలు కనిపిస్తూనే ఉన్నాయి, వేళ్లు వాటంతటవే గాల్లో ఆడుతున్నాయి, కాళ్లే వెనకబడుతున్నాయి. వరసగా తప్పులు. చెవులు వేడెక్కాయి.

"తెర వదిలెయ్. పాట విను" అంది పక్కనుంచి అక్క.

విన్నాడు. డప్పు దెబ్బ అరికాళ్లలోకి దిగింది. ఎడమ, కుడి, వెనక్కి, ఒక్క గెంతు! పలకలు కాళ్ల కింద భగ్గుభగ్గుమన్నాయి. చెమట కళ్లలోకి కారుతోంది, అయినా ఆగాలనిపించలేదు. అందరూ తడబడే చోటు రానే వచ్చింది. అక్క ఒక అడుగు తప్పింది. వాడు తప్పలేదు. హాలు మొత్తం తాళం అందుకుంది. చప్పట్ల మోతలో ఆఖరి పలకని దభీమని తొక్కాడు.

వెంట్రుకవాసిలో కప్పు పోయింది. రెండో స్థానం. వాడు స్టేజీ మీదే వెల్లకిలా పడిపోయాడు. అక్క కంగారుగా నీళ్ల సీసాతో పక్కన కూలబడింది. చూస్తే వాడు రొప్పుతూనే నవ్వుతున్నాడు.

"అక్కా, మీరు ప్రాక్టీసు చేసే గది రేపు తీసే ఉంటుందా?"

తీసే ఉంటుందంది అక్క. లేవమని చెయ్యి అందిస్తే, ఆ చెయ్యి పట్టుకుని ఆమెనే కిందికి లాగేశాడు. ఇద్దరూ అక్కడే పడి నవ్వుతుంటే, తర్వాతి పోటీవాళ్లు వచ్చి, కాస్త పక్కకి జరగండి బాబూ అన్నారు.