జర్జూర్ మెడ

అబూ సుహైల్ తల వెనక్కి వాల్చి, కనుబొమలు ఎగరేసి, నాలుకతో "చ్" అన్నాడు. మా లెబనాన్‌లో దానికి కుదరదనే అర్థం. కంప్యూటర్ తెరమీద జర్జూర్ బొమ్మ తల మాత్రం మెడను వదిలేసి, ఎర్ర కుచ్చుటోపీతో సహా గాల్లోకి లేచిపోయింది.

"వీడి తల నరికేశావేంటి తల్లీ!" అన్నాడు ముసలాయన.

ఆ మీసాల బొమ్మను నలభై ఏళ్లు చేత్తో ఆడించాడాయన. నిరుడు జబ్బుపడ్డాక వేళ్లు వణుకుతున్నాయి. అందుకే కెమెరా ముందు ఆయన ముఖం కదిపితే తెరమీద బొమ్మ కదిలేలా చేసే పని నాకు అప్పగించారు. మధ్యాహ్నంలోగా తల కుదరకపోతే జర్జూర్‌ని ఒక కుర్రనటుడికి ఇచ్చేస్తానని దర్శకుడు నిజార్ తేల్చేశాడు.

"అడ్డంగా బాగానే తిరుగుతోందిగా రవాన్! కాదనడానికి అది చాలదా?" అన్నాడు నిజార్.

నాకు ఒళ్లు మండింది. "జర్జూర్ ఎప్పుడైనా అడ్డంగా ఊపాడా ఉస్తాద్? మీ అమ్మగారు ఊపేవారా?"

"మా అమ్మ చెప్పు తీసేది."

తప్పు నాదే. తలకి కీలు ముఖం మధ్యలో పెట్టాను. దాన్ని మెడ మొదట్లోకి దించి, మెడ అడుగును కాలరుకు బిగించాను. ముఖాన్ని విడివిడిగా కదిలే ముక్కలు చేశాను. ముక్కూ మీసమూ బాగా పైకి పోవాలి, కళ్లు కొంచెం తక్కువ, టోపీ నుదుటి వెనక్కి దిగాలి. ముందు గీయకుండా వదిలేసిన గడ్డం కిందిభాగం కొత్తగా గీశాను. ఇంతలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేసరికి సగం పని గల్లంతు. పళ్లు బిగించి మళ్లీ చేశాను.

అయినా ఆయన తల వాల్చగానే బొమ్మ కొయ్యబారిపోతోంది. నన్ను నేను తిట్టుకుంటూ ఆయన్నే చూస్తుంటే అప్పుడు తట్టింది. కింద ఉన్న కెమెరాకి ఆయన ముక్కు రంధ్రాలు తప్ప ఇంకేం కనబడుతుంది? మూడు హల్వా డబ్బాలు పేర్చి దాన్ని పైన కూర్చోబెట్టాను.

"ఇప్పుడు కానివ్వండి అబూ సుహైల్."

జర్జూర్ గడ్డం లేచింది. మెడ అతుక్కునే ఉంది. టోపీ వెనక్కి ఒరిగింది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

నిజార్ ఆయన్ని లేపి తను కూర్చున్నాడు. తల వాల్చాడు. జర్జూర్ అతనికీ వాల్చాడు. "భలే! ఇంక ఎవరైనా ఆడించొచ్చు," అన్నాడు.

అబూ సుహైల్ కోసమని నేను పొద్దున్నుంచీ చేసింది ఇదా!

"లే నాయనా," అన్నాడు అబూ సుహైల్. మోకాళ్లమీద చేతులానించి కెమెరా ముందు కూర్చున్నాడు.

నిజార్ నవ్వుతూ తెరవైపు వంగాడు. "ఏం జర్జూర్, ఈ ముసలాయన్ని ఇంటికి పంపేద్దామా?"

జర్జూర్ అతన్ని చూశాడు. మీసం ఒకపక్కకి వంకర పోయింది. రెప్పలు సగం వాలాయి. ఏమీ అనలేదు. అప్పుడు, తొందరేమీ లేకుండా, గడ్డం లేచింది.

"చ్."

నిజార్ ముఖం ఎర్రబడింది. పక్కనున్న మనిషిని మరిచిపోయి, తెరతోనే అన్నాడు: "సరే సరే, పంపనులే."