బంతిలోంచి లేవడం

కల్యాణమండపంలో భోజనాల బంతి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగుస్తుందో కనిపించదు. విస్తళ్ళ వరస అలా పొగమంచులోకి సాగిపోతుంటే, హైమ నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, తను ఎవరి పెళ్ళికి వచ్చిందో గుర్తు తెచ్చుకోబోయి, పప్పు బాగుంది కదా, పెళ్ళి ఎవరిదైతేనేం అని సరిపెట్టుకుంటుంది. పక్కన తోడికోడలు రాజ్యం కూర్చుని ఉంది. కిందటి కార్తీకంలో చనిపోయిన రాజ్యం. ఆ సంగతి తెలిసి కూడా హైమకు ఆశ్చర్యం కలగదు. చిరాకు మాత్రం వస్తుంది, ఎందుకంటే ఆవిడ కట్టుకున్నది హైమ మెరూన్ గద్వాల చీర.

"అరువు తీసుకుని ఇవ్వకుండా పోయావు. ఇప్పుడు నా ముందే కట్టుకొచ్చావా అక్కా?"

"నువ్వు కడితే దిండుకి గలేబు తొడిగినట్టుండేది. ఊరుకో. ఆ భుజానికి గుడ్డేంటే?"

"అటక మీంచి గిన్నెలు దింపుతూ జారిపడ్డాను. ఎముక చిట్లిందిట. గట్టి నొప్పిబిళ్ళలు ఇచ్చాడు డాక్టరు."

"వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడా?"

"అడిగాడు. లేదన్నాను."

"ఇవాళ ఏం వేసుకున్నావు?"

"బిళ్ళ వేసుకున్నాను. ఎంతకీ కన్ను మూతపడక, ఎప్పుడూ వేసుకునే నీ డబ్బాలో గుళికలు కూడా రెండు వేసుకున్నాను. నువ్వు పోయాక అది అలమరలోనే ఉండిపోయింది, పారేయడానికి ప్రాణం ఒప్పలేదు."

"మరి మందులు లేవన్నావు?"

"అవి మందులేంటక్కా! తగర వేరూ, జటామాంసీనూ. నీ యోగా క్లాసు వాళ్ళిచ్చారని వీధంతా పంచిపెట్టావు కదా, చెట్టూచేమా మనల్నేం చేస్తాయని."

"నేనంటే టెన్తు తప్పినదాన్ని. నువ్వు బాటనీలో డిగ్రీ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటావే, గన్నేరుపప్పు ఏ ఫ్యాక్టరీలో తయారవుతుందే?"

హైమకు నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు ఎక్కడో దూరాన బయలుదేరి, దారిలో కూర్చుని సేదతీరి, ఆలస్యంగా పెదాల దాకా చేరుతుంది. ఈలోగా మండపం గోడలు ఆస్పత్రి వరండా గోడల్లా లేతాకుపచ్చగా మారతాయి. వడ్డించేవాళ్ళ మొహాలకు మాస్కులున్నాయి. చారు గోకర్ణం వంగుతుంది, ఆవిరి మాత్రం రాదు.

"మోకాలి ఆపరేషనప్పుడు నన్నూ అడిగారు," అంటుంది రాజ్యం. "నేనూ లేదనే అన్నాను. నాకూ ఇవే బిళ్ళలిచ్చారు. ఆ బిళ్ళ నల్లమందు వంశంలోదేనే. ఒంటిని జోకొడుతుంది. ఈ వేరూ జోకొడుతుంది. రెండూ కలిసి జోకొడితే, ఊపిరి తీసుకోవడం మాత్రం పని కాదా అని ఒళ్ళు అదీ మానేస్తుంది."

"నిద్రలో పోయావని అందరూ పుణ్యాత్మురాలన్నారు. అత్తయ్యగారైతే తనకీ అలాంటి చావే రావాలని కొబ్బరికాయ మొక్కుకున్నారు."

"నా మొహం పుణ్యం. పక్కగదిలో మీ బావగారు టీవీ చూస్తున్నారు, నాకు వినిపిస్తూనే ఉంది. పిలుద్దామంటే ఊపిరి పైకి రాలేదు."

చారు అయిపోతుంది. వరస చివర్న ఎవరో పెరుగు బకెట్టు తెస్తున్నారు, గరిటె చప్పుడు దగ్గరవుతోంది, హైమ తల విస్తరి మీదకి మెల్లగా వాలుతోంది.

"పెరుగొచ్చేలోగా లేవే."

"బంతి మధ్యలో ఎలా లేస్తానక్కా? పక్కవాళ్ళకి అవమానం."

"ఆ మర్యాదకే నేనూ కూర్చున్నాను," అంటుంది రాజ్యం. అప్పుడు చూస్తుంది హైమ, ఆవిడ విస్తరి ఎప్పుడో మడిచేసి ఉంది.

"ఒక్క ముద్ద తినేసి..."

"మొద్దు మొహమా! ఊపిరి తీసుకో!" అంటూ రాజ్యం హైమ జడ పట్టుకుని లాగుతుంది; కాళ్ళు తనవి కానట్టున్నాయి, బంతి మొత్తం తలెత్తి తననే చూస్తోంది, సిగ్గుతో చచ్చిపోతూ హైమ అరచెయ్యి నేలకి ఆన్చి లేస్తుంది.

మొహమంతా నీళ్ళు. కిటికీలో ఎండ ఇంకా వాలలేదు. అత్తగారు మంచం మీదకి వంగి, ఒక చేత్తో ఆమె జుట్టు పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని అంబులెన్సువాళ్ళతో అరుస్తున్నారు.

"పెదాలు నీలంగా అయిపోయాయండీ... ఊపిరి ఆగి ఆగి వస్తోందండీ... ఆఁ, వేరే మందులేం లేవండీ, డాక్టరిచ్చిన నొప్పిబిళ్ళొక్కటే!"

"కాదు," అంటుంది హైమ. నాలుక మట్టిపెడ్డలా ఉంది. "డబ్బా... వేర్లు... రెండూ కలిపి... అక్క కూడా..."

అత్తగారు అలమర వైపు చూస్తారు. తర్వాత ఫోనులో, ఒక్కొక్క మాటా విడదీసి, ఉన్నదున్నట్టు చెబుతారు. అవతలి మనిషి ఏదో అంటాడు.

"అలాగే బాబూ, పడుకోనివ్వను," అని ఫోను మంచం మీద పడేసి హైమ కుడిచెయ్యి పట్టుకుంటారు. ఆ చేతి వేళ్ళన్నీ అన్నం కలుపుతున్న వాటంలో దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే బలవంతంగా విడదీస్తూ ఆవిడ, "మాట్లాడు హైమా, తిట్టినా సరే, మాట్లాడుతూనే ఉండు," అంటున్నారు.