మరిగించిన నిమ్మరసం

వాళ్ళుండే పేట పేరుకు కొత్తవాడే గానీ, నేతపని వెంకట్రాజం ఇంట్లో బాలింత పథ్యం మాత్రం పాతదే. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు భవానికి ఆడపిల్ల పుట్టింది మొదలు, తల్లి యాకమ్మ వెల్లుల్లికారం, అన్నం తప్ప మరొకటి పెట్టలేదు.

"అమ్మా, జర ఒక్క జామకాయ తింటనే."

"బాలింతవు బిడ్డా! నువ్వు తింటె పోరికి సర్ది అయితది."

మగ్గం మీది నుంచి వెంకట్రాజం అందుకున్నాడు. "బాలింతకు బువ్వ ఇంతేనా? నీది పథ్యం కాదే, పద్యం. పొద్దుమాపు అదే చదువుతవు!"

భవాని నవ్వి, ఇంకేమైనా అంటాడేమోనని తండ్రి వైపు చూసింది. ఆయన నేతలో పడ్డాడు. జోకు వచ్చింది, జామకాయ రాలేదు.

కొన్నాళ్ళకు భవాని పళ్ళు తోముకుంటుంటే నెత్తురు పడింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, "విటమిన్ సి తక్కువైనట్టుంది. నిమ్మ, జామ, ఉసిరి తినాలి. నువ్వు తింటేనే పాలల్లో పాపకూ అందుతుంది" అంది.

"ఆమె 'సి' అంటే మీయమ్మ 'ఛీ' అంటది!" అన్నాడు వెంకట్రాజం.

యాకమ్మ ఛీ అనలేదు. కూతురి మీద బెంగ, మనవరాలి మీద భయం. రెండూ తీరేలా నిమ్మరసం పిండి, చలువ పోయేదాకా పొయ్యి మీద తెర్లబెట్టి ఇచ్చింది.

"నిమ్మకాయను ఉడికిస్తానవా, నూలు లెక్క వడికిస్తానవా?" అన్నాడు వెంకట్రాజం. ఎందుకని మాత్రం అడగలేదు.

భవాని రోజూ తాగింది. చిగుళ్ళు ఇంకా వాచాయి. మళ్ళీ దవాఖానకు పోయారు.

"నిమ్మరసం తాగుతున్నావా?"

"రోజు తాగుతాన మేడమ్."

"మంచిగ మసలబెట్టి ఇస్తాన," అంది యాకమ్మ, మెచ్చుకుంటారేమోనని.

డాక్టరమ్మ మందుల చీటీ ముందుకు లాక్కుంది. "మసలబెడితే అందులో సి చాలామటుకు పోతుందమ్మా. పచ్చిగానే ఇవ్వాలి" అని గోలీలు రాసింది.

"నా చేతులతోనే పోగొట్టిన్నా?" అంది యాకమ్మ.

తిరిగొచ్చేటప్పుడు వెంకట్రాజం ఆటో ఆపించి, మెత్తటి జామకాయ ఏరి తెచ్చాడు. భవాని కొద్దిగా కొరికి, నొప్పికి కళ్ళు మూసుకుని, తిరిగి ఆయన చేతిలో పెట్టింది. తెల్లటి కండ మీద ఎర్రటి గీత.

"నేను అడిగిన్నాడే అమ్మకు జర గట్టిగ చెప్తే అయిపోవు గద నాయినా."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆయనకు తట్టుకోలేనిదైంది. కాయను రుమాలులో చుట్టాడు. ఆటో గుంతలో పడి కుదిపింది. భవాని దవడ పట్టుకుంది.

"మెల్లగ పోనియ్యి తమ్మీ," అన్నాడు.