దారం కట్టిన చేయి

అమెరికాలో, అక్రన్ ఊళ్ళోని మా నార్త్ హిల్ పేటలో నా పేరు డంబర్ అని తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ నేను గురూజీనే. మా నేపాలీవాళ్ళలో బండి నడిపేవాణ్ణి అలా పిలవడం మామూలు. భూటాన్‌లో ఉన్నప్పుడు ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూ దాకా ఆ కొండదారిలో ఐదేళ్ళు లారీ తోలాను. తర్వాత నేపాలీవాళ్ళమని మమ్మల్ని దేశంలోంచి వెళ్ళగొట్టారు. నేపాల్ శిబిరంలో, వెదురు గుడిసెల్లో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అన్నేళ్ళూ స్టీరింగ్ ముట్టుకోకపోయినా గురూజీ అన్న పిలుపు మాత్రం పోలేదు. ఇక్కడికొచ్చాక మా పేటలో సగంమందికి బండి నేర్పింది నేనే. ఒకప్పుడు ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు నోరు చాలేది కాదు.

నన్ను గురూజీ అనని మనిషి ఒక్కతే ఉండేది, మా అక్క ఖీనమాయ. ఆవిడకు నేను కాంఛాని, అంటే కడగొట్టువాణ్ణి. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకు తొమ్మిది. నన్ను చంకనేసుకునే ఇంటి పనంతా చేసింది. దేశం వదిలి నడిచొచ్చిన రోజున నా మూట కూడా తనే మోసింది. బావ శిబిరంలోనే పోయాడు. పిల్లల్లేరు. ఇక్కడ మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది.

ఊరి చివర, బస్సు వెళ్ళనిచోట మావాళ్ళు ఒక పొలం కౌలుకు తీసుకుని తలా ఒక మడి పంచుకున్నారు. అక్క ప్రాణమంతా ఆ మడిలోనే ఉండేది. ఆవకూర, ముల్లంగి, గుండ్రటి డల్లే మిరప వేసేది. అక్కడికి వెళ్ళాలంటే నేను తీసుకెళ్ళాలి. "కాంఛా, శనివారం వెళ్దామా?" అని ఫోన్ చేసేది. "చూద్దాంలే" అనేవాణ్ణి. ఖాళీ ఉన్నా అదే మాట. నన్ను పెంచిన మనిషి నన్ను బతిమాలుతుంటే నాకు బాగానే ఉండేదేమో. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ బాగానే ఉండేది.

ఒక జూలైలో వరసగా రెండు శనివారాలు ఎగ్గొట్టాను. మూడో వారం వెళ్ళేసరికి మిరపమొక్కలన్నీ వాడిపోయి నేలకు వాలి ఉన్నాయి.  తిరిగి వచ్చేటప్పుడు దారిలో అక్క, "నాకు బండి నేర్పు" అంది.

"నీకా? ఈ వయసులోనా?"

"ఏం, బండికి నా వయసు చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు. ఎక్కగానే దానికే తెలిసిపోతుంది."

"నీకు నడక నేర్పింది ఎవర్రా? నీ వయసెంతని అడిగి నేర్పానా?"



మరుసటి ఆదివారం చర్చి వెనక ఖాళీ స్థలంలో ఐదు పచ్చళ్ళ బకెట్లు బోర్లించి పాఠం మొదలుపెట్టాను. ఇక్కడి పరీక్షలో ఐదు కోన్ల మధ్యనుంచి బండిని ముందుకు పోనిచ్చి, వాటికి తగలకుండా వెనక్కి తేవాలి. మొదటిరోజే అక్క రెండు బకెట్లు చితక్కొట్టింది. నేను నెత్తి బాదుకున్నాను. "బకెట్లే కదరా, మనుషులు కాదుగా" అని తాపీగా దిగి, వాటి సొట్టలు తీసి మళ్ళీ నిలబెట్టింది.

అసలు తంటా రోడ్డు మీద వచ్చింది. భూటాన్‌లోనూ నేపాల్‌లోనూ చూసిందంతా ఎడమ పక్క నడిచే బళ్ళనే, ఇక్కడేమో కుడి పక్క నడపాలి. మలుపు తిరిగినప్పుడల్లా అక్క నేరుగా ఎదుటివాళ్ళ దారిలోకి పోయేది. నేను గొంతు చించుకునేవాణ్ణి. చివరికి దానికి మందు కూడా తనే కనిపెట్టింది. శ్రావణ పున్నమికి పురోహితుడు మా ఆడవాళ్ళకు ఎడమ మణికట్టుకు దారం కడతాడు. "కాంఛా, రోడ్డు మధ్య గీత ఎప్పుడూ దారం చేతి వైపు ఉండాలి. అంతేనా?" అంది. అంతే. ఇంతమందికి నేర్పాను, ఆ చిట్కా నాకెప్పుడూ తట్టలేదు. ఆ రోజు నుంచి అక్క ఒక్కసారి కూడా తప్పుదారిలోకి పోలేదు.

ఇంకొకటి మిగిలింది, హారన్. మలుపు కనిపిస్తే చాలు, మోగించేది.

"ఎందుకక్కా ఆ మోత?"

"మలుపు కదా."

"ఇక్కడ హారన్ కొడితే బూతు తిట్టినట్టు. ముట్టుకోకు."

"మరి నేను వస్తున్నానని ఎదుటివాడికెట్లా తెలుస్తుంది?"

నేను అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. "దారి నీదైతే నీ దారిన నువ్వు పో, వాడే ఆగుతాడు" అంటే సరిపోయేది. "లైటు కొట్టు," అన్నాను. "రెండుసార్లు టక్కు టక్కుమని. నేనొస్తున్నాను, నువ్వాగు అని అర్థం."

థింఫూ దారిలో అదే అర్థం. లైటు ముందు ఎవడు కొడితే దారి వాడిది, రెండోవాడు కొండకు ఆనుకుని ఆగాలి. ఇక్కడ దానికి సరిగ్గా తిరగబడిన అర్థం ఉంది. "నేను ఆగుతాను, నువ్వు వెళ్ళు" అని. ఆ సంగతి నాకు తెలియక కాదు. గోదాములో నాతో పనిచేసే ఎర్ల్ ఒకసారి నా పక్కన కూర్చుని, నేను లైటు కొట్టడం చూసి చెప్పాడు. "డంబర్, అట్లా చేస్తే ఏదో ఒకరోజు ఎవడో నీ ముందుకొచ్చి పడతాడు" అన్నాడు. నేను నవ్వేశాను. ఆ కొండల్లో లారీ తోలినవాడికి, చదునైన ఒహాయోలో పుట్టినవాడు చెప్పేదేమిటనుకున్నాను. అన్నేళ్ళూ నాకేమీ కాకపోవడం నా అదృష్టం. దాన్ని నేను నా పనితనం అనుకున్నాను.

రాతపరీక్ష మా భాషలోనే పెడతారు. అక్క మూడోసారికి గట్టెక్కింది. అదే ఊపులో చర్చి కింది గదిలో ఇంగ్లీషు క్లాసుకు కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. టీ, బిస్కెట్ల కోసం పోతోందని నేను ఆటపట్టించేవాణ్ణి.

"ఎన్ని మాటలొచ్చాయక్కా?"

"థాంక్యూ వచ్చింది, సారీ వచ్చింది. ఈ దేశంలో ఇంకేం కావాలిరా?"

బండి పరీక్ష మాత్రం మొదటిసారే నెగ్గింది. ఒక్క కోనుకూ తగల్లేదు. నేను నా మొదటి పరీక్షలో రెండు పడగొట్టాను, ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. లైసెన్సు మీద అక్క ఫోటోలో పళ్ళన్నీ కనిపిస్తాయి. ఆవిడ అంతగా నవ్విన ఫోటో ఇంకొకటి లేదు.

పాత బూడిదరంగు కారు ఒకటి కొనుక్కుంది. మరుసటి వేసవంతా అక్క నాకు శనివారం ఫోన్ చేయలేదు. ఇంకో ఇద్దరు ముసలమ్మలను కూడా ఎక్కించుకుని తోటకు పోయేది. వాళ్ళు ఆవిణ్ణి 'గురూఆమా', అంటే గురువమ్మ, అని పిలుస్తున్నారని విన్నాను. సాయంత్రం మా గుమ్మం ముందు ఆగి, అద్దం దించి, "ఒరేయ్ కాంఛా, కూర పట్టుకో" అని ఒక కట్ట విసిరేసి పోయేది. ఎంత దర్జాగా పోయేదో!

సెప్టెంబరులో నా కారు మరమ్మతుకు పోయింది. శనివారం నాకూ తోటలో పని పడి అక్క కారెక్కాను. జీవితంలో మొదటిసారి ఆవిడ నడుపుతుంటే నేను ఊరికే పక్కన కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. మధ్యాహ్నం తిరిగొస్తుంటే వెనక సీటు నిండా ఆవకూర. పెద్ద కూడలి వచ్చింది, మాకు పచ్చలైటు ఉంది. ఎదురుగా ఒక ఎర్రకారు, మా ముందునుంచి పక్కకు తిరగడానికి కాచుకుని ఉంది. దారి మాది. అక్క నిదానంగా పోతోంది. ఆవిడ చేయి దేన్నీ తాకలేదు. నేనే ఆగలేకపోయాను.

"లైటు కొట్టు," అన్నాను. "కొట్టక్కా, కొట్టు!"

అక్క దారం కట్టిన చేత్తో రెండుసార్లు కొట్టింది. ఎర్రకారు వెంటనే మా ముందుకు తిరిగింది.

తలుపు సొట్టపడిన ఆ కారులోంచి ఒకమ్మాయి భుజం పట్టుకుని, ఏడుస్తూ దిగింది. ఎముక విరగలేదని తర్వాత తెలిసింది.  పోలీసు వచ్చాడు. "ఆవిడే లైటు కొట్టి నన్ను వెళ్ళమంది!" అని ఆ అమ్మాయి అరుస్తోంది. ఎందుకు కొట్టావని పోలీసు అక్కను అడిగాడు. అక్క నావైపు తిరిగింది.

"నేనొస్తున్నా, ఆగమని కొట్టాను. నువ్వు కొట్టమన్నావు కదా. చెప్పు, కాంఛా."

పై నెల నుంచి నన్ను పాఠాలు చెప్పడానికి తీసుకుంటామని ఊళ్ళో ఒక డ్రైవింగ్ స్కూలువాళ్ళు అప్పటికే అన్నారు. మావాళ్ళకు మా భాషలో చెప్పేవాడు కావాలి వాళ్ళకు. కారు నెత్తిన బోర్డు పెట్టుకుని పేటంతా తిరగబోతున్నానని అప్పటికే అందరికీ చాటాను. లైటు అర్థం తెలియని గురూజీ అని ఒక్కడికి తెలిస్తే చాలు, ఆ పని పోయినట్టే. ఇదంతా అప్పుడు తీరిగ్గా ఆలోచించానని చెప్పలేను. నోరు దానంతటది తెరుచుకుంది.

"ఓల్డ్ లేడీ," అన్నాను పోలీసుతో. "నర్వస్. హ్యాండ్ మిస్టేక్."

ముసలావిడ, కంగారుపడింది, పొరపాటున చేయి తగిలింది. ఆయన రాసుకున్నాడు. జరిమానా టికెట్టు మాత్రం తిరిగిన అమ్మాయికే ఇచ్చాడు, ఎందుకంటే చట్టం ప్రకారం దారి మాది. అంటే నేను నిజం చెప్పినా అక్కకు గాని నాకు గాని శిక్ష ఏమీ పడేది కాదు. ఆ సంగతి తెలిశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఏం చెప్పావురా?" అని అక్క అడిగింది.

"నువ్వు చెప్పిందే చెప్పాను."

అక్క నా ముఖం చూసి, తలూపి, కారులో చెల్లాచెదురైన ఆవకూర ఏరుకుంది.

తన కారు బాగై వచ్చిన రోజున అక్క మా ఇంటికొచ్చి తాళంచెవి బల్లమీద పెట్టింది. "గురూజీ, దీన్ని ఎవరికైనా అమ్మేయ్" అంది. ఆ పిలుపు విని ఎగతాళి అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కాంఛా అన్న మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు. భయపడిందిలే, కొన్నాళ్ళకు సర్దుకుంటుందని ఇంట్లోవాళ్ళకు చెప్పాను. ఆ మాట పేటంతా పాకింది. "పాపం, ఖీనమాయకు బండంటే భయం పట్టుకుందట" అని జనం అనుకుంటుంటే నేను వింటూ ఊరుకున్నాను. ఏనుగులు తిరిగే అడవి పక్కన నన్ను వీపునేసుకుని కట్టెలు తెచ్చిన మనిషికి భయమట!

తోటలో ఆవిడ మడి వేరేవాళ్ళకు పోయింది. నా సొట్టబకెట్లు అయిదూ అడిగి తీసుకెళ్ళి, మట్టి నింపి, మెట్ల మీద పెట్టుకుని ఆవకూర వేసుకుంది. నాకు మాత్రం బోర్డు కారు వచ్చింది. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా మొదటి పాఠం లైటు గురించే చెబుతాను. "ఎందుకు గురూజీ ఇంతగా చెబుతున్నారు?" అని అడుగుతారు. "ఎవరో ఒకావిడ పొరపాటుపడింది" అంటాను. 'నేనే' అన్న మాట ఈ నాలుగేళ్ళలో ఒక్కసారీ నోటికి రాలేదు.

పోయిన డిసెంబరులో అక్క ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. శిబిరంలో పుట్టినతేదీ తెలియనివాళ్ళందరికీ జనవరి ఒకటి రాశారు, ఇక్కడ లైసెన్సు గడువు పుట్టినరోజుతోనే తీరిపోతుంది. లైసెన్సు కార్యాలయానికి తీసుకెళ్ళాను. ఆ ప్రమాదం తర్వాత నా కారెక్కాల్సి వస్తే వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఆ రోజూ అలాగే కూర్చుంది. ఎలాగైనా లైసెన్సు పొడిగించి, వసంతం వచ్చాక మళ్ళీ బండి ఎక్కించాలని, అప్పుడు నా తప్పు ఒప్పుకోవాలని దారి పొడవునా అనుకున్నాను. నా దగ్గర మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

కౌంటరు వెనక ఉన్న అమ్మాయి, లైసెన్సు పొడిగించాలా, ఉత్త గుర్తింపుకార్డు చాలా అని అడిగింది. మా భాషలోకి మార్చి చెబుదామని నేను అక్కవైపు తిరిగాను. అక్క చేయెత్తి నన్ను ఆపింది.

"నో డ్రైవింగ్," అంది ఇంగ్లీషులో. "ఓన్లీ కార్డ్."

"అయ్యో, ఎందుకండీ? మీ మీద ఒక్క టికెట్టు కూడా లేదే," అంది ఆ అమ్మాయి మర్యాదగా.

అక్క నావైపు చూడలేదు. క్లాసులో పాఠం అప్పజెబుతున్నట్టు, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"ఓల్డ్ లేడీ. నర్వస్. హ్యాండ్ మిస్టేక్."

ఆ అమ్మాయి జాలిగా నవ్వి కాగితం మీద ముద్ర కొట్టింది.  బయట మంచు పడుతోంది. నేను ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. అక్క వెనక తలుపు తీసుకుని కూర్చుంది. నేను స్టీరింగ్ ముందు కూర్చుని వెనక్కి తిరిగాను.

"అక్కా, లైటు కొట్టమన్నది నేనే."

"నాకెందుకు చెప్పడం? నాకు తెలిసిందే కదా," అంది అక్క. దారం ఉన్న చేత్తో బెల్టు లాక్కుని పెట్టుకుంది. "పోనివ్వండి గురూజీ. మంచు ఎక్కువయ్యేలోగా బకెట్లు లోపల పెట్టుకోవాలి."