కోళ్ల పుస్తకంలో పిల్లి

పెద్దమ్మ దేన్నీ పూర్తిగా మూయదు. తలుపు ఓరగా వేస్తుంది. గిన్నె మీద మూత వారగా పెడుతుంది. చదువుతున్న పుస్తకాన్ని బోర్లించి పోతుంది. "ఇప్పుడే వస్తా" అని తలుపు దగ్గరకు లాగి వెళ్లిన భర్త ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. అప్పటి నుంచీ అంతే. ఆయన పెట్టిన ప్రెస్సులో, ఆయన కొన్న కంప్యూటర్ మీదే ఆమె ప్రూఫులు దిద్దుతుంది. ఆ కంప్యూటర్‌ను అందరూ "ముసలాయన" అంటారు.

పుస్తకాలన్నీ వెనక గది సర్వర్‌లో ఉంటాయి. కంప్యూటర్లు దాన్ని అడిగి ఫైళ్లు తెచ్చుకుంటాయి. ఆ అడిగే పద్ధతిలో పాత వెర్షన్, కొత్త వెర్షన్ అని రెండున్నాయి. సర్వర్‌కు రెండూ వచ్చు. ముసలాయనకు పాతదొక్కటే వచ్చు. కొత్తదాన్ని చేసినవాళ్లే "ఇంకా ప్రయోగ దశ" అని రాసి, ఆఫ్ చేసి ఉంచారు.

ఆఫ్‌లో ఉన్నదాన్ని చూస్తే చెయ్యి ఊరుకోని మనిషి ఆ ఇంటికి అల్లుడయ్యాడు.

"మావయ్యగారూ, ఈ వెర్షన్ ఆన్ చేశామంటే పని పరుగులు పెడుతుంది!"

ఇప్పుడు ప్రెస్సు యజమాని పెద్దమ్మకు మరిది. పనివాళ్ల దగ్గర పులి. అల్లుడి ముందు నోరు పెగలదు. "మీ ఇష్టం అల్లుడుగారూ," అన్నాడు.

"సర్వర్ నడుస్తుండగా వెర్షన్ మార్చనివ్వదు. ఆపి మార్చాలి. అందరూ ఫైళ్లు సేవ్ చేసి మూసెయ్యండి!"

మూసెయ్యమనగానే పెద్దమ్మ కంగారుపడింది. పొద్దుటి నుంచి దిద్దుతున్న కోళ్ల పెంపకం పుస్తకం సాయంత్రం అచ్చుకు వెళ్లాలి.

"మూశారా పెద్దత్తయ్యా?"

"ఆఁ, మూసినట్టే నాయనా," అని ఫైలును కనబడకుండా కిందికి దించింది, అంతే. ఆ కంగారులో సేవ్ చేయడం మరిచింది.

అల్లుడు సర్వర్ ఆపి, కొత్త వెర్షన్ ఆన్ చేశాడు. అక్కడితో ఆగాడా? ఇల్లు ఊడ్చినవాడు వాకిలి ఊడ్చకుండా ఉంటాడా అన్నట్టు పాతదాన్ని ఆఫ్ చేసి మరీ సర్వర్‌ను లేపాడు.

పెద్దమ్మ ఫైలు పైకి తెచ్చి సేవ్ నొక్కింది. తెర బిగుసుకుపోయింది. మూలన ఒక వాక్యం వచ్చింది: "సర్వర్ పలకడం లేదు. ఇంకా ప్రయత్నిస్తున్నాను."

"అయ్యో, కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యండి," అన్నాడు అల్లుడు గుమ్మంలోంచే.

"ఆపితే నేను దిద్దిందంతా?"

"పోతుంది. ఈ ముసలాయన ఎలాగూ ఇక పనికిరాడు పెద్దత్తయ్యా. అటకెక్కించేద్దాం." ఆ మాట అనేసి సర్వర్ గదిలోకి పోయాడు.

పెద్దమ్మ మరిది వైపు చూసింది. "విన్నావా? చెప్పవేం?"

"అల్లుడికి ఎదురు చెప్పడం ఎలా వదినా? నొచ్చుకుంటాడు. అంతకన్నా నేనే దీన్ని..." అంటూ స్విచ్చు వైపు చెయ్యి చాచాడు.

పెద్దమ్మ ఠక్కున స్విచ్చు మీద అరచెయ్యి పెట్టింది. "ముట్టుకున్నావంటే చూడు! ప్రయత్నిస్తున్నానని అంటున్నవాణ్ణి పీక నొక్కుతావా?"

మరిది నెమ్మదిగా జారుకున్నాడు. పెద్దమ్మ ఒక చెయ్యి స్విచ్చు మీదే ఉంచి, మీటలకు ప్రాణముందో లేదో చూద్దామని రెండో చేత్తో టైపు చేసింది. తెర మీద అక్షరం పడలేదు. పడటం లేదు కదా అని మనసులో ఉన్నదంతా టైపు చేసింది. తర్వాత గొంతెత్తింది.

"అల్లుడూ! ఇటురా నాయనా. ఈ వాక్యం చదివి పెట్టు."

అల్లుడు వచ్చి చదివాడు. అతని ముఖం మారింది. "ఇంతసేపూ అడుగుతూనే ఉందా? మొండిఘటమే! ఆపకుండా మంచిపని చేశారు. పాత వెర్షన్‌లో సర్వర్ పలికితే వదిలిన చోటు నుంచే అందుకుంటుంది. కాకపోతే సర్వర్ మళ్లీ ఆపాలి. అందరూ తిట్టుకుంటారు."

"ఆపు. అందాకా కాచుకుని ఉండటం దానికి తెలుసు. నాకూ తెలుసు."

అల్లుడు తిరిగి సర్వర్ గదిలోకి వెళ్లాడు. అందరి చేతా ఫైళ్లు మూయించి, సర్వర్ ఆపి, పాత వెర్షన్ ఆన్ చేసి, కొత్తదాన్ని మళ్లీ ఆఫ్ చేసి పడుకోబెట్టి, సర్వర్‌ను లేపాడు. పరుగున వచ్చి పెద్దమ్మ వెనక నిలబడ్డాడు. అతని వెనక మరిది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత "సర్వర్ పలికింది" అని వచ్చింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకునేలోపే, ఇందాక టైపు చేసిందంతా కోడిపిల్లల అధ్యాయంలో ఉన్న వాక్యం వెనకే బిలబిలమని వచ్చి పడింది:

"పిల్లల గూటిలో వెచ్చదనం తగ్గకుండా చూడాలి వీడి చెయ్యి ఒక్కచోట ఊరుకోదేం దేవుడా ఆ పులి చూస్తే ఇవాళ పిల్లి అయి కూర్చుంది ముసలాయనా నువ్వు మాత్రం పోకు"

అల్లుడు తన చేతుల వైపు చూసుకుని, రెండూ జేబుల్లో దాచుకున్నాడు.

మరిది కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు. "వదినా, ఈ పిల్లి ఎవరు?"

పెద్దమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా సేవ్ నొక్కింది.

"కోళ్ల పుస్తకం కదయ్యా. పిల్లి రాకుండా ఉంటుందా?"